మా ల్యాబులో నార్మల్ నేనే

ఆ అమ్మాయి మా ల్యాబులో చేరిన రోజున నేను ఇంటికెళ్ళి అన్నం తినలేదు. అమ్మ అడిగితే తలనొప్పి అన్నాను. అసలు సంగతి ఏమిటంటే, ఆమె మొదటిరోజే పైపెట్ పట్టుకుని పన్నెండు గొట్టాల్లో పన్నెండు రక్తపు చుక్కలు వేసింది. ఒక్క చుక్క కూడా గొట్టం గోడకి అంటలేదు. నాకు ఆ పని పట్టుబడడానికి ఐదు నెలలు పట్టింది. ఆ ఐదు నెలల్లో మేడమ్ నన్ను ఎన్ని మాటలందో ఇప్పటికీ ఒక్కొక్కటే చెప్పగలను. ఆ రోజు మాత్రం ఆవిడ కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని, "ఎక్కడ నేర్చుకున్నావమ్మాయ్ ఇదంతా?" అంది.

"గీడనే మేడమ్. అక్క చేస్తుంటే పొద్దటిసంది చూసిన" అంది ఆ పిల్ల.

అక్క అంటే నేనే. నన్ను చూసి నేర్చుకుని నన్ను దాటేసిందన్నమాట, ఒక్క పూటలో. ఒళ్ళు మండిపోయింది.

ఇది ఎనభైల చివరి మాట. జూబ్లీహిల్స్‌లో అప్పటికి ఇళ్ళ కంటే బండలే ఎక్కువ. యూసుఫ్‌గూడ నుంచి వచ్చి, చెక్‌పోస్టు దగ్గర బస్సు దిగి, రాళ్ళు కొట్టే చోటు దాటుకుని, ఫిల్మ్‌నగర్ వైపు దిగే వాలులో ఒక ఇంటికి నడిచి వెళ్ళేదాన్ని. ఇల్లు ఒక సినిమా నిర్మాతది. పై భాగం షూటింగులకి ఇచ్చేవాడు. అది ఒక వారం హీరోయిన్ ఇల్లు, మరో వారం విలన్ ఇల్లు, మధ్యలో రెండు రోజులు కలెక్టర్ బంగళా. కింద, వాలులోకి దిగబడినట్టున్న మూడు గదుల్లో మా మేడమ్ ల్యాబు. పైన లైట్లు వెలిగిస్తే చాలు, కింద వోల్టేజీ పడిపోయి మా సెంట్రిఫ్యూజ్ మూలిగేది. గొట్టాల్ని గిరగిరా తిప్పి రక్తకణాల్ని నీటినుంచి విడదీసే యంత్రం అది. హీరోయిన్ ఏడుపు సీను ఎప్పుడైపోతుందా అని మేం కింద గొట్టాలు పట్టుకుని ఎదురుచూసేవాళ్ళం.

మేడమ్ గోదావరి వైపు మనిషి. పెద్దాసుపత్రిలో చాలా ఏళ్ళు రక్తపరీక్షలు చేసి, ఆ ఉద్యోగం మానేసింది. ఏజెన్సీ ఊళ్ళలో సికిల్ సెల్ జబ్బున్న పిల్లల్ని చూసి వచ్చాక ఆవిడకి ఇంకేదీ పట్టేది కాదు. మామూలు ఎర్ర రక్తకణం గుండ్రంగా, మధ్యలో వేలితో నొక్కిన పిండి ఉండలా, మెత్తగా ఉంటుంది. ఎంత సన్నటి నాళంలోనైనా వంగి దూరిపోతుంది. ఈ జబ్బున్నవాళ్ళకి లోపలి హిమోగ్లోబిన్ పుట్టుకతోనే కాస్త వేరు. ప్రాణవాయువు వదిలెయ్యగానే వాళ్ళ కణం కొడవలిలా వంగి బిగుసుకుపోతుంది. అలాంటివి ఒకదానికొకటి అడ్డం పడి నాళాన్ని మూసేస్తాయి. ఒకసారి ఒక తల్లి పదేళ్ళ కూతుర్ని చంకనేసుకుని మా మెట్లు దిగి వచ్చింది. ఆ పిల్ల కళ్ళు పసుపు పచ్చగా ఉన్నాయి. నొప్పి ఎముకల్లో ఉంది, అయినా ఏడవలేదు. ఏడిస్తే ఒళ్ళు కదులుతుంది, కదిలితే నొప్పి ఇంకా ఎక్కువవుతుందని దానికి తెలుసు.

మా పని వినడానికి చాలా చిన్నది. పన్నెండు గొట్టాల్లో ఉప్పునీళ్ళు పోస్తాం. మొదటిదాంట్లో ఉప్పు ఎక్కువ, పోను పోను తగ్గి చివరిదాంట్లో దాదాపు మంచినీళ్ళే. ఒక్కోదాంట్లో చుక్క రక్తం వేసి, అరగంట ఆగి, సెంట్రిఫ్యూజులో తిప్పుతాం. కణాలు పగలకపోతే అడుక్కి దిగుతాయి, పైన నీళ్ళు తేటగా ఉంటాయి. పగిలితే నీళ్ళు ఎర్రబడతాయి. మామూలు మనిషి రక్తం ఆరో గొట్టం దగ్గర పగలడం మొదలుపెట్టాలి. సికిల్ రోగుల రక్తం ఇంకా ముందుకి, ఎనిమిదో తొమ్మిదో గొట్టం దాకా తట్టుకుంటుంది. ఆ తేడా ఎంత, నొప్పి వచ్చిన రోజుల్లో అది ఎలా మారుతుంది అన్నది మేడమ్ ప్రశ్న.

తేడా చూడాలంటే పక్కన ఒక ఆరోగ్యవంతుడి రక్తం ఉండాలి, అదీ అప్పుడే తీసింది. ప్రతి మంగళవారం పొద్దున్నే ఏజెన్సీ నుంచి ఐసు ఫ్లాస్కులో రోగుల రక్తం బస్సులో వచ్చేది. అది రాగానే నేను జాకెట్టు చెయ్యి పైకి మడిచి కూర్చునేదాన్ని. మేడమ్ స్వయంగా సూది గుచ్చేది. ఆ గొట్టం మీద "నార్మల్" అని రాసేవాళ్ళం. చేరిన రోజునే నాకు సికిల్ పరీక్ష చేశారు, లేదని తేలింది. రక్తం కాస్త తక్కువగా ఉందంటే, "మన ఆడపిల్లలందరికీ ఇంతేగా" అని మేడమ్ ఐరన్ మాత్రలు ఇచ్చింది. ఆ తర్వాత ఇంకెవరూ దాని గురించి ఆలోచించలేదు.

రాను రాను అది నా పేరే అయిపోయింది. "మా నార్మల్ వచ్చిందా?" అని అడిగేది మేడమ్ గుమ్మంలోంచే. ఎవరైనా డాక్టర్లు చూడ్డానికి వస్తే, "ఇదుగో, మా నార్మల్ ఈ అమ్మాయే" అని పరిచయం చేసేది. నవ్వుకోండి, నాకు అదొక బిరుదులా ఉండేది. మా నాన్న సినిమాల్లో కాస్ట్యూములు కుట్టేవాడు. తెర మీద ఆయన పేరు ఎప్పుడూ పడలేదు. నా రక్తం ప్రతి మంగళవారం ఒక పేరుతో స్టాండు మీద మొదటి వరసలో నిలబడేది.

పని మాత్రం ముందుకి కదల్లేదు. నార్మల్‌కీ రోగులకీ తేడా చాలా కొంచెంగా వచ్చేది. పుస్తకంలో ఆరో గొట్టం అంటే మాకు నార్మల్ కూడా ఎనిమిది దాకా తేటగానే ఉండేది. మేడమ్ ఉప్పు మార్పించింది, నీళ్ళు మార్పించింది, నీళ్ళ ఎరుపుని కొలిచే కలరీమీటర్‌ని బాగుచేయించింది. చివరికి చూపు నా చేతుల మీద పడింది. అప్పుడే రహమత్‌నగర్ నుంచి ఈ పిల్లని తీసుకొచ్చింది. "ఇద్దరూ చెయ్యండి. బొంబాయిలో రక్తవైద్యుల సభ ఉంది. ఎవరి అంకెలు నిలబడితే వాళ్ళ పేరు నా పేరు పక్కన రాస్తాను, వాళ్ళనే నాతో తీసుకెళ్తాను" అంది.

రెండేళ్ళుగా నేను ఎదురుచూస్తున్నది సరిగ్గా అదే. ఒక కాగితం మీద నా పేరు. ఎవరి పక్కనైనా సరే, ఎంత చిన్న అక్షరాల్లోనైనా సరే.

ఆ పిల్ల మీద నాకున్న కుళ్ళు ఒక రకం కాదు. ఆమె జడ నా జడకి రెండింతలు. ఆమె మైక్రోస్కోపులో కన్ను పెడితే అరగంట దాకా తల ఎత్తేది కాదు, నాకేమో పది నిమిషాలకే మెడ పట్టేసేది. రోగులు ఆమెతో మాట్లాడేవాళ్ళు, నాతో మాట్లాడేవాళ్ళు కాదు. "జర ఓర్చుకో బిడ్డా, అయిపోయింది" అని ఆమె అంటుండగానే సూది బయటికి వచ్చేసేది. ఆమె యాస విని మొదట్లో లోపల్లోపల నవ్వుకునేదాన్ని. తర్వాత ఆ యాసకే రోగులు కరిగిపోతుంటే నవ్వు రావడం మానేసింది. మేడమ్ ఆమెని ఒక్కసారి మెచ్చుకుంటే నేను ఇంటికెళ్ళేదాకా ఆ మాటని నమిలేదాన్ని.

ఆ పోటీ ఇంకా మొదలుకాకముందే, వర్షాకాలంలో నాకు అమ్మవారు పోసింది. ఒళ్ళంతా పొక్కులు. నెలరోజులు గుమ్మం దాటకూడదన్నారు. మంచం మీద పడుకుని నేను చేసిన పని ఒక్కటే, మంగళవారాలు లెక్కపెట్టుకోవడం. నా బదులు ఆమే రక్తం ఇస్తోందని తెలిసింది. మా నాన్న పక్కన కూర్చుని ఒకే రకం చొక్కాలు రెండు కుడుతున్నాడు, హీరోకి ఒకటి, హీరో బదులు దూకే డూప్‌కి ఒకటి. "డూప్ ఎప్పుడూ హీరో అవడు కదా నాన్నా?" అని అడిగాను. "దెబ్బలు మాత్రం వాడికే తగుల్తాయమ్మా" అన్నాడు, నేను ఎందుకు అడిగానో తెలియక. నాకు ఆ జవాబు కాస్త హాయిగానే ఉంది.

తిరిగి వెళ్ళేసరికి ల్యాబులో పండగ వాతావరణం. నాలుగు మంగళవారాలు, నాలుగుసార్లూ నార్మల్ ఆరో గొట్టంలో పగిలింది. రోగుల రక్తం ఎనిమిది, తొమ్మిది. పుస్తకంలో ఉన్నట్టే తేడా. మేడమ్ నా ముందు నోట్సు పరిచి, "చూడు. రెండేళ్ళు నీ చేత్తో చేస్తే రాలేదు. ఈ పిల్ల చేత్తో నెలరోజుల్లో వచ్చింది" అంది. ఆవిడ కోపంతో అనలేదు. సంతోషంతో అంది. అదే నాకు భరించరానిదైంది.

"రేపు మంగళవారం నేను రక్తం ఇస్తాను మేడమ్" అన్నాను.

ఆ పిల్ల అడ్డుపడింది. "వద్దక్కా, నీకిప్పుడే తగ్గింది. జర తేరుకో. నాదే తీస్తా."

నా నార్మల్ గొట్టం కూడా లాగేసుకుందన్నమాట. ఆ క్షణంలో ఆమెని ఆ మెట్లమీంచి తోసేస్తే ఎలా ఉంటుందో నేను ఊహించుకున్నాను. అబద్ధం ఆడను, ఊహ చాలా వివరంగా వచ్చింది.

నాకు ఆమె తప్పు ఏమిటో తెలిసిపోయిందనుకున్నాను. వర్షాకాలంలో ఉప్పు చెమ్మ పట్టేస్తుంది. దాన్ని ఓవెన్‌లో ఆరబెట్టకుండా తూస్తే, తూకంలో సగం నీళ్ళే వస్తాయి. అప్పుడు గొట్టాలన్నీ అనుకున్న దానికంటే పలచబడతాయి, రక్తం తొందరగా పగులుతుంది. కొత్తపిల్ల, ఆరబెట్టడం మర్చిపోయి ఉంటుంది. రోగుల రక్తం మాత్రం ఆ నీళ్ళలో ఎందుకు తొందరగా పగల్లేదన్న ప్రశ్న నా బుర్రలోకి రానే లేదు. కుళ్ళు నిండిన బుర్రలో అలాంటి ప్రశ్నలకి చోటుండదు. మేడమ్ దగ్గరికెళ్ళి, "ఆ అమ్మాయి చెమ్మ ఉప్పు వాడిందండీ. ఆ అంకెలు చెల్లవు" అన్నాను.

మేడమ్ నోట్సు మూసేసింది. "శనివారం బొంబాయికి కాగితం పంపాలి. శుక్రవారంలోగా రుజువు చెయ్యి" అంది.

గురువారం ఆ పిల్ల రోగుల్ని చూడ్డానికి ఆసుపత్రికి వెళ్ళింది. వెళ్ళేముందు, "పరీక్షకి నీ రక్తం ఒక గొట్టం కావాలి" అని నేనంటే, ఎందుకని అడక్కుండా చెయ్యి చాపింది. నేను పొద్దున్నే ఉప్పు ఆరబెట్టి, మూడుసార్లు తూచి, కొత్తగా నీళ్ళు కలిపాను. మూడు వరసలు పేర్చాను. ఒకటి మంగళవారం ఫ్లాస్కులో మిగిలిన రోగి రక్తానిది, ఒకటి ఆమెది, ఒకటి నాది. నా రక్తం నేనే తీసుకున్నాను. నా లెక్క ఏమిటంటే, మంచి ఉప్పునీళ్ళలో ఆమె రక్తం నా రక్తంలాగే ఎనిమిదిలో పగలాలి. అప్పుడు ఆమె నెలరోజుల పనీ గంగలో కలిసిపోతుంది. పైన షూటింగులో లైట్లు వేశారు. సెంట్రిఫ్యూజ్ ఆగిపోయింది. వాళ్ళ మధ్యాహ్న భోజనాల విరామం దాకా గొట్టాల ముందు కూర్చుని కాళ్ళు ఊపుకుంటూ ఉన్నాను. అంత సంతోషంగా ఆ ల్యాబులో నేనెప్పుడూ కూర్చోలేదు.

తిప్పి తీశాను. ఆమె వరసలో ఆరో గొట్టం ఎర్రగా ఉంది. నా వరసలో ఆరు తేట, ఏడు తేట. రోగి వరసలోనూ అంతే. నావీ రోగివీ పక్కపక్కన పెడితే ఏది ఎవరిదో చెప్పలేం.

గొట్టాలు తారుమారయ్యాయనుకుని మళ్ళీ మొదటినుంచి చేశాను. అలాగే వచ్చింది. బయట గేటు దగ్గర కూర్చునే వాచ్‌మన్‌ని బతిమాలి అతని రక్తం కొంచెం తీశాను. అది ఆరో గొట్టంలో పగిలింది, ఆమె రక్తంతో సమానంగా.

అప్పుడు నా రక్తం చుక్క ఒకటి అద్దం మీద పరిచి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద పెట్టాను. రెండేళ్ళుగా రోజూ ఎవరెవరి రక్తమో చూశాను. నాది ఒక్కసారి కూడా చూడలేదు. మాలో ఎవరూ చూడలేదు. రోగి రక్తాన్ని వంద రకాలుగా అనుమానించే మేం, నార్మల్ అని రాసి ఉన్న గొట్టాన్ని అనుమానించడమే మర్చిపోయాం. నా కణాలు చిన్నచిన్నవిగా, పాలిపోయి ఉన్నాయి. కొన్నిటికి నడిమధ్యలో చుక్క పెట్టినట్టుంది. కొడవళ్ళు లేవు. కానీ ఇవి మామూలు కణాలు కావని చెప్పడానికి ఆ ల్యాబులో రెండేళ్ళు పనిచేసిన మనిషికి డాక్టరు అక్కర్లేదు. తలసీమియా లక్షణం, అంటే పుట్టుకతో వచ్చే హిమోగ్లోబిన్ లోటు; అలాంటి కణాలు కూడా పలచటి నీళ్ళలో తొందరగా పగలవు. నా చేతిలో ఏ తప్పూ లేదు. రక్తంలోనే ఉంది.

గొట్టాలన్నీ సింకులో పోసి కడిగేశాను. అద్దాన్ని చెత్తబుట్టలో వేశాను. నోట్సులో ఒక్క అక్షరం రాయలేదు.

శుక్రవారం మేడమ్ ఆ పిల్ల ముందే అడిగింది. "తేలిందా?"

నేను ఆ పిల్ల ముఖం చూడకుండా, "పూర్తిగా తేల్లేదండీ. ఉప్పు మాత్రం అనుమానంగానే ఉంది" అన్నాను.

అంతే. మేడమ్ అనుమానం ఉన్న అంకెని ఎక్కడికీ పంపని మనిషి. ఈ ఏడాది బొంబాయి లేదంది. కళ్ళజోడు తీసి బల్ల మీద పడేసి, ఆ పిల్లని ఎడాపెడా తిట్టింది, ఉప్పు ఆరబెట్టడం కూడా చేతకాదా అని, నెలరోజులు నేలపాలు చేశావని. ఆ పిల్ల తల దించుకుని నిలబడింది. "ఆరబెట్టిన మేడమ్" అని ఒక్కసారి అంది. రెండోసారి అనలేదు. నేను గొట్టాలు తుడుస్తున్నట్టు నటిస్తూ అంతా విన్నాను. లోపల కొంచెం చల్లగా ఉన్న మాట నిజం. దాన్ని దాచను.

సాయంత్రం మెట్ల మీద ఆమె నా పక్కన కూర్చుంది. పైనుంచి సినిమావాళ్ళ టీ గ్లాసుల చప్పుడు వినిపిస్తోంది.

"నీ రక్తం సంగతి నీకు తెల్సిందా అక్కా?" అంది మెల్లగా.

"ఏ సంగతి?" అన్నాను.

"చెత్తబుట్టల అద్దం చూసిన. గదొక్కటే కాదు, నేనొచ్చిన రెండో వారమే చూసిన. ఊకె నేర్చుకుందామని నీ చుక్క పరిచిన. ఫికరైంది నాకు."

"మరి మేడమ్‌కి ఎందుకు చెప్పలేదు?"

"ఎట్ల చెప్పాలె? మేడమ్ నిన్ను నార్మల్ అని పిలుస్తే నువ్వెట్ల మురుస్తవో చూడలేదా నేను? నువ్వే చూస్కుంటవ్, నువ్వే చెప్తవ్ అనుకున్న. గందుకే నువ్వొచ్చినంక గూడ నా రక్తమే పెట్టిన."

"పొద్దున అంత తిట్లు తిన్నావు. అప్పుడైనా చెప్పొచ్చుగా?"

"తిట్లు ఇయ్యాల ఉంటయి, రేపు పోతయి. గది పోదు గద అక్కా" అని నా మోచేతి మడత వైపు చూసింది. ప్రతి మంగళవారం సూది దిగిన చోటు. మళ్ళీ అంది, "నేను మంచిదాన్నేం గాదు. నీ మీద నాకు గూడ కుళ్ళే ఉండె. నిన్ను ముద్దుగ పిలుస్తది మేడమ్. నన్నేమో ఏయ్ అమ్మాయ్ అంటది."

ఆ మాట నాకు తేనెలా తగిలింది. ఆమె కూడా నా మీద కుళ్ళుకుంది! ఆ సంతోషం బస్సెక్కేదాకా ఉంది. బస్సులో కూర్చున్నాక ఇంకో సంగతి తట్టింది. ఆమె కుళ్ళుకుని నన్ను కాపాడింది. నేను కుళ్ళుకుని ఆమెని ముంచాను. కుళ్ళులో కూడా ఆమెదే పైచేయి.

రెండు రోజులు ఇంట్లో అదే ఆలోచన. ఆమె నోరు విప్పదని తెలుసు. ఎప్పటికీ విప్పదు. ప్రతి మంగళవారం ఆమె ముఖం చూస్తూ, ఈమె నా గుట్టు దాచిపెట్టింది అనుకుంటూ పనిచెయ్యాలి. అది నావల్ల కాలేదు. సోమవారం పొద్దున మేడమ్ తలుపు తట్టాను. పశ్చాత్తాపంతో వెళ్ళానని చెప్పుకుంటే బావుండేది. ఆమె దయ మీద బతకలేక వెళ్ళాను.

అంతా చెప్పాను. ఉప్పు మంచిదేనని, తప్పు నా రక్తానిదని, శుక్రవారం అబద్ధమాడానని. మేడమ్ నన్ను తిట్టలేదు. తన తల తాను కొట్టుకుంది. "ఐరన్ మాత్రలు ఇచ్చి ఊరుకున్నాను. విద్యార్థి చేస్తే వాణ్ణి ఫెయిల్ చేసేదాన్ని" అంది. నా రక్తాన్ని వేరేచోటికి పంపించి నిర్ధారణ చేయించింది. జబ్బు లేదు, నా జోలికి ఏమీ రాదు, కానీ ఆ లక్షణాన్ని మోస్తున్నాను. "రేపు నువ్వు పెళ్ళి చేసుకునేవాడి రక్తం ముందు నేను చూడాలి, ఇద్దరికీ ఉంటే పిల్లలకి జబ్బే రావచ్చు. జాతకం తర్వాత చూసుకుందురుగాని" అంది. తర్వాత రెండేళ్ళ నోట్సులు తెప్పించి, నార్మల్ అని ఉన్న ప్రతి వరస మీదా ఎర్ర సిరాతో గీత కొట్టింది. ఒక్కో పేజీ తిప్పుతూ, ఓపిగ్గా. పేజీలు నా చేత పట్టించింది.

బొంబాయి వాళ్ళని ఉత్తరాలు రాసి బతిమాలుకుంటే, ఆలస్యమైనా ఆ నెలరోజుల అంకెల్ని తీసుకుంటామన్నారు. మేడమ్ పేరు పక్కన ఆ పిల్ల పేరు టైపు చేసింది నేనే. మా ఇద్దరిలో టైపు వచ్చింది నాకే. ఆమె ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు కొడదామా అని ఒక్క క్షణం అనిపించింది. కొట్టలేదు. సరిగ్గానే కొట్టాను, మూడు కాపీలు.

బొంబాయి వెళ్ళే ముందు మంగళవారం చివరి సారి పరీక్ష చెయ్యాలి. మేడమ్ ఊళ్ళో లేదు. ఆ పిల్ల కుర్చీలో కూర్చుని జాకెట్టు చెయ్యి పైకి మడిచింది. అంతకు ముందు నేను కూర్చునే కుర్చీ అది. నేను ఆమె చేతికి రబ్బరు కట్టి, నరం కోసం తడిమాను. మంచి నరం, వేలికి తగలగానే తెలిసిపోతుంది. గొట్టం మీద నార్మల్ అని అప్పటికే రాసిపెట్టాను, నా చేతి రాతతోనే. సూది తీసుకుని, కావాలనే కొంచెం అడ్డంగా, కొంచెం లోతుగా గుచ్చాను. నొప్పి పుట్టాలనే గుచ్చాను. ఆమె కనురెప్ప ఒక్కసారి అదిరింది. ఎర్రటి రక్తం సిరంజిలోకి వచ్చింది.

"మంచిగ గుచ్చినవ్ అక్కా. తెల్వనే లేదు" అంది.